ప్రస్థానం పెట్టిన సైకిలు

రాజపాళయం,
బుధవారం, 12 మార్చి 2025.

చిన్ననాటి స్నేహితుడు విజయరాఘవ రాజాకు సీనివాసన్ నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ మా ఇంటిది పాప్పమ్మాళూ ఉన్నాం. నాలుగు వీధుల అవతల నువ్వూ నాచ్చియారమ్మా ఉన్నారని సోడా అంగడి చొక్కలింగం వారానికి రెండుసార్లు వచ్చి చెప్పిపోతున్నాడు. అందరూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. శ్రీధర్ పోయాక నీ ఇంటికి ఆ మాట రాసే ధైర్యం నాకు లేదు. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో మాత్రం అడుగుతాను.

నడిచి వచ్చి చెప్పేదానికి ఉత్తరం ఎందుకని అనుకుంటావు. నువ్వు చొక్కలింగం చేత మూడుసార్లు కబురంపావు. సీనుగాణ్ణి ఒక తూరి వచ్చి పొమ్మను, నేనేమి వాణ్ణి కొరికేస్తానా అన్నావట. మొదటిసారి జ్వరమని చెప్పించాను. రెండోసారి ఊళ్ళో లేనని చెప్పమన్నాను, అదీ చొక్కలింగం ఎదుట నిలబడి. మూడోసారి వాడే, సెరి అన్నా, మీరు ఊర్లో లేరు, నేను చూడలే, అంతే దా అని సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. మంచివాడు. సోడాలో గ్యాసు మాత్రం తక్కువ పెడతాడు.

వార్త ఇది. నేను సిలోనుకు పోతున్నాను. శనివారం నాగపట్నంలో ఓడ. అవతల దిగి ముప్పై రోజులు సైకిలు మీద తిరుగుతాను, ఒక్కణ్ణే. ఏ సైకిలని అడుగుతావు. శ్రీధర్ సైకిలే.

నీకు తెలిసిన సంగతులే మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను, ఓర్చుకో. మిల్లులో ఫిట్టర్‌గా ముప్పై ఏడేళ్ళు చేసినవాణ్ణి. ఆగిపోయిన యంత్రాన్ని బాగుచేయాలంటే మొదటి నట్టు నుంచి విప్పుకుంటూ రావాలి, మధ్యలో చెయ్యి పెడితే వేలు పోతుంది.

నీ కొడుకు శ్రీధర్ పద్నాలుగేళ్ళు మిల్లు ల్యాబులో కూర్చుని నూలు సన్నమా లావా అని కొలిచాడు. ఆ గదికి కిటికీ కూడా లేదు, గాలి తేమ మారితే నూలు కొలత మారుతుందని. వాడు ఒకరోజు మా అరుగు మీదికి వచ్చి, మామా, నెల రోజులు లీవు ఇచ్చినారు, సిలోను చుట్టి వస్తా అన్నాడు. ప్లాను ఏందిరా అన్నాను. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. మూడు వాక్యాలు ఉన్నాయి. ఓడ దిగాలి. సముద్రాన్ని ఎడమచేతి పక్కనే పెట్టుకుని పోవాలి. ముప్పై రోజుల్లో మళ్ళీ ఓడ దగ్గరికి రావాలి. ఇంతేనా అన్నాను. ఇంతకంటే రాస్తే అది పనికి పోయినట్టు అవుతుంది మామా అన్నాడు. ఎక్కడ పండుకుంటావురా అంటే, అడిగితే ఎవురన్నా చోటు ఇస్తారు, ఇయ్యకుంటే గుడారం ఉండాది అన్నాడు. సముద్రం కనపడకుండా పోతే? తప్పు దోవ పట్టినట్టు, అంతే దా, తిరిగి వస్తా అన్నాడు. వాడి ముఖంలో అంత వెలుతురు నేను వాడి పెళ్ళిలో కూడా చూడలేదు. నీ కోడలు శరణ్య వింటే కోపగించుకుంటుంది, కానీ నిజం.

రెండు నెలలు సాయంత్రాలు నా దగ్గరే గడిపాడు. ట్యూబు అతికించడం, చైను లింకు తీసి వేయడం, వంకరపోయిన చక్రాన్ని స్పోకులు బిగించి తిన్నగా చేయడం నేర్పాను. చెవికి దగ్గర పెట్టుకుని స్పోకును మీటితే, బిగువు సరిగా ఉంటే ఒక స్వరం పలుకుతుంది. వాడికి ఆ చెవి ఉంది. మిల్లులో నా కింద పనిచేసిన పదిమందికి లేదు.

నీకు మాత్రం వాడి ఓడ శనివారమనేది గుండెలో గుచ్చుకుంది. తూర్పు ప్రయాణానికి శనివారం శూలం, కొడుకు తూర్పు సముద్రం దాటుతున్నాడు. ఓడవాళ్ళు నీ పంచాంగం చూసి టికెట్ ఇవ్వరు కదా. అందుకని గురువారం మంచి గడియలో ప్రస్థానం పెట్టించావు. సంచులన్నీ కట్టిన సైకిలును ఇంట్లోంచి బయలుదేరదీసి మా ఇంట్లో ఉంచావు. వస్తువు గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే, మనిషి తరువాత ఎప్పుడు బయలుదేరినా దోషం లేదు. కానీ ప్రస్థానం పెట్టిన వస్తువు తిరిగి ఇంటికి రాకూడదు. వస్తే ప్రయాణమూ చెడుతుంది, పోయేవాడికీ చెడుతుంది. నాచ్చియారమ్మ సైకిలుకు హారతి పట్టింది. నేను మా అరుగు మీద నిలబడి, రా అల్లుడా రా, కాళ్ళు కడుక్కో అని చక్రాల మీద చెంబుతో నీళ్ళు పోశాను. నువ్వు పళ్ళు కొరికావు.

ఈ విషయంలో నీకూ నాకూ యాభై ఏళ్ళ తగాదా. నీ తమ్ముడి పెళ్ళికి పోతూ బస్సులో ఎవరో తుమ్మితే, సేత్తూరు దాటీ దాటకముందే బండి ఆపించి ముహూర్తం పోయేదాకా అందరినీ ఎండలో నిలబెట్టావు. తుమ్మింది నేనే. ముక్కుపొడి పీల్చి కావాలనే తుమ్మాను. ఇది ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. రాహుకాలంలో సినిమా టికెట్ కొనవని నీ టికెట్ కూడా నేనే కొనేవాణ్ణి, అప్పుడు దోషం నాదట. అందరి ముందు నిన్ను మీరు అనేవాణ్ణి, అరుగు మీద ఇద్దరమే ఉంటే నువ్వు అనేవాణ్ణి, ఆ రెంటి మధ్యలో ఎగతాళి చేసేవాణ్ణి. నువ్వు కోపం వచ్చినట్టు నటించేవాడివి. కొన్నిసార్లు నిజంగానే వచ్చేదేమో. నేను అడగలేదు.

మర్నాడు శుక్రవారం జరిగింది ఊరంతా చెప్పుకునేదే. పదకొండు గంటలకు శ్రీధర్ సంచులతో సహా ఆ సైకిలెక్కి నీ గుమ్మం ముందుకు వచ్చాడు. నువ్వు అరుగు మీద పేపరు చదువుతున్నావు. ఏందిరా ఇది, పరస్తానం పెట్టిందాన్ని ఇంటికి తెస్తావా అని అరిచావు. శరణ్య చూడాలనింది నాయనా అన్నాడు వాడు. పొయ్యి దగ్గరనుంచి శరణ్య, నేను అడగలేదే అంది. నువ్వు ఇంకా అరిచావు. వాడు సైకిలు తిప్పుకుని తొక్కుకుంటూ పోయాడు. మెయిన్ రోడ్డు మలుపులో పత్తి లారీ. ఇంతే. దీన్ని ఇంకా చిన్న వాక్యాల్లో రాయగలిగితే రాసేవాణ్ణి.

పదహారో రోజు కర్మ ముగిసీ ముగియకముందే శరణ్యను సేత్తూరులో పుట్టింటికి పంపేశావు. దాని నోరు అడగకుండా ఉంటే నా కొడుకు వచ్చి ఉండడు అన్నావు. నీ మనవరాలు, నాలుగేళ్ళ జీవిత కూడా తల్లితో పోయింది. వచ్చే ఆవణి నెలలో ఏడాది తలతిథికి కూడా ఆమె గడప తొక్కకూడదని నువ్వు అన్నట్టు చొక్కలింగం మొన్న చెప్పాడు. ఆమె ఇప్పుడు బ్యాండేజీ గుడ్డ కంపెనీ ఆఫీసులో కూర్చుని పెట్టెల మీద చీటీలు అతికిస్తోంది.

సైకిలు సంగతి. పోలీసు స్టేషన్ ఆవరణలో రెండు నెలలు వానకు నానింది. వాళ్ళు తీసుకుపొమ్మని పిలిస్తే నువ్వు, అది సీను ఇంట్లో పెట్టింది, సీను ఇంటికే పోవాల అన్నావట. టెంపోలో వచ్చింది. ముందు చక్రం నలిపిపారేసిన చింతాకులా ఉంది. రిమ్ము కొత్తది వేశాను, ఫోర్కు మార్చాను, స్పోకులు ఒక్కొక్కటే మీటి బిగించాను. సీటు మూడంగుళాలు దించాను. దించేముందు కడ్డీని పైకి లాగితే దాని మీద వాడి ఎత్తు ఉన్నచోట గీత కనిపించింది, అక్కడిదాకా తుప్పు, కింద మెరుపు. ఎడమ పక్క సంచి మీద మరక మూడుసార్లు సబ్బు వేసినా పోలేదు. వదిలేశాను. సంచిలో నాచ్చియారమ్మ అన్నంలో కలుపుకోవడానికి కట్టిన చింతపండు పులికాచలు సీసా పగలకుండా ఉంది. పాప్పమ్మాళ్ మూత తీసి వాసన చూసి, ఇంకా బాగుండాది అని, మళ్ళీ మూత పెట్టి, ఏడ్చింది.

పాస్‌పోర్టుకు విచారణ కోసం వచ్చిన కానిస్టేబుల్ చిన్నవాడు. తాతా, ఈ వయసులో ఇల్లు వదిలి పోతున్నారు, కోడలితో తగాదానా అని తమిళంలో అడిగాడు. కోడలు లేదు బాబూ, ఉన్నది ఒక కూతురు, దానికి నాతో తగాదా పడే తీరిక లేదు అన్నాను. అదే రాసుకుపోయాడు. పాస్‌పోర్టు వచ్చేసింది, తగాదా లేదని ప్రభుత్వం నమ్మినట్టే.

తొక్కడం అలవాటు చేసుకుంటున్నాను. మొదటివారం చోళపురం దాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు సైకిలును నేను మోసుకొచ్చానా అది నన్ను మోసుకొచ్చిందా తెలియలేదు. ఇప్పుడు పొద్దున్నే సేత్తూరు పోయి టీ తాగి ఎండెక్కకముందే వస్తాను. తువ్వాళ్ళు రెండు, లుంగీలు రెండు, బీపీ మాత్రలు ముప్పై రోజులకు, పంచరు సామాను. గుడారం వేయడం రెండుసార్లు పెరట్లో చూసుకున్నాను, రెండుసార్లూ లోపలినుంచి బయటికి రాలేక పాప్పమ్మాళ్‌ను పిలిచాను. లంకకు పోయి ఎవుర్ని తెస్తారు, సీతమ్మనా అంటుంది. నాలుగు వీధులు నడవలేని కాళ్ళు దేశం మీద దేశం తొక్కుతాయంట అని కూడా అంటుంది. ఆమె చెప్పేవాటిలో రెండోది నాకు నచ్చదు.

నేను వాడి నోటుబుక్కులో ఒక్క వాక్యం కూడా కలపలేదు. సముద్రాన్ని ఎడమచేతి పక్కనే ఉంచుకుంటాను. బయలుదేరదీసిన వస్తువు వెనక్కి రాకూడదని నీ నమ్మకం. నా నమ్మకం ఏదో నాకే తెలియదు. ఎవరో ఒకరు తొక్కి ఆ ప్రయాణం ముగిస్తే, నీకు కొంచెం ఊపిరి ఆడుతుందేమో అనుకున్నాను.

ఇంకొకటి. కార్తీకంలో శరణ్య మా ఇంటికి వచ్చింది. సైకిలు దగ్గర నిలబడి, దాన్ని తాకకుండా అడిగింది. మామా, ఆ పొద్దు ఇక్కణ్ణుంచి పోయేటప్పుడు ఆయన నా పేరు చెప్పినాడా? సైకిలు చూడాలని నేను అడిగినట్టు నాకు జ్ఞాపకం లే. కానీ ఆయన అబద్ధం చెప్పేవాడు కాదు కదా. నిద్దరలో అడిగినానేమో, ముందురోజు తమాషాకు ఏమన్నా అనింటానేమో అని యోచన చేసి చేసి తల పగిలిపోతా ఉండాది అంది. ఏమీ తెలీదమ్మా, నేను పెరట్లో ఉన్నా అన్నాను. సెరి మామా అని వెళ్ళిపోయింది.

నువ్వు పెద్దవాడివి, నీకు చెప్పేటంతటి వాణ్ణి కాదు. ఆడబిడ్డ ఒక మాట అన్నా అనకపోయినా దానికి లారీ వచ్చి పడదు, రాజా. తలతిథికి ఆమెను రానీ. కొడుకు పటం ముందు మనవరాలు నిలబడకపోతే నీ పిండం ఎవరికి చేరుతుంది? ఇంకా చెప్పాల్సింది ఉంది. కాగితం అయిపోతోంది.

పత్తి బేళ్ళ మీద రాసి ఉండే ఊరి పేర్లు చూసి నేర్చుకున్న తెలుగు అక్షరాలు నావి. గుంటూరు, ఆదోని, నంద్యాల అని రెండేళ్ళు అవే రాసుకుంటూ కూర్చున్నాను, వాక్యం రాయడం ఆ తరువాత. తప్పులుంటే దిద్దుకో. నాచ్చియారమ్మకు నమస్కారాలు.

ఇట్లు,
నీ స్నేహితుడు,
సో. సీనివాసన్.

తా.క.

గురువారం మధ్యాహ్నం.

కాగితం అయిపోలేదు. ఇంట్లో దస్తా ఉంది.

శుక్రవారం నేను పెరట్లో లేను. అరుగు మీదే ఉన్నాను. పాప్పమ్మాళ్ రేషన్ కడై వరుసలో నిలబడటానికి పోయింది. పదిన్నరకు శ్రీధర్ టైర్లలో గాలి చూసుకోవడానికి వచ్చాడు. ఏమీ తోచక కూర్చుని ఉన్నాను, నిన్ను తలచుకుని నవ్వు వచ్చింది. ఒరే, దీన్నెక్కి మీ నాయన ముందర ఒక రౌండు కొట్టి రా పో అన్నాను. పరస్తానానికి కాళ్ళు మొలిచి ఇంటికి వచ్చేసిందని ఆయన మొగం ఎట్లా మారుతుందో చూసి వచ్చి నాకు చెప్పు అన్నాను. వద్దు మామా, నాయన తిడతారు అన్నాడు. సిలోను చుట్టేవాడికి సొంత వీధి చుట్టేదానికి భయమా అన్నాను. వాడు నవ్వాడు. ఎవురు పంపినారంటే ఏం చెప్పాల మామా అన్నాడు. నా పేరు ఎత్తొద్దు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకో అన్నాను. వాడు ఎక్కి పోయాడు.

నీ అరుపుకు ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చి వాడు పెళ్ళాం పేరు చెప్పాడు. నా మాట కాపాడటానికి. వాడు అబద్ధం చెప్పేవాడు కాదు, అది నేను చెప్పించిన అబద్ధం. నేను రెండు గ్లాసుల్లో టీ పోసుకుని, వాడు వచ్చి చెప్పబోయే ముచ్చట కోసం అరుగు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాను. మెయిన్ రోడ్డు వైపు జనం పరుగెత్తుతుంటే, ఏదో కుక్క పోయి ఉంటుందనుకున్నాను.

వాణ్ణి చంపింది లారీ. దోషం, శూలం నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ గడియలో వాణ్ణి ఆ రోడ్డు మీదికి పంపింది నేను, ఒక నవ్వు కోసం. శరణ్య ఏమీ అడగలేదు. నీ గుమ్మంలో ఆమె చెప్పింది నిజం. ఇన్ని నెలలూ నువ్వు ఆమెను చూడనంటుంటే, ఆమె తనను తాను చూసుకోలేక నా ముందు నిలబడి అడిగితే కూడా, నోరు మూసుకుని ఉన్నాను.

పై ఉత్తరం నిన్న ముగించినప్పుడు ఇది రాసే ఉద్దేశం నాకు లేదు. నేను ఓడ ఎక్కాక చొక్కలింగం చేత పంపాలనుకున్నాను. ఈ పొద్దున దాన్ని జేబులో పెట్టుకుని సోడా అంగడికి పోతుంటే, సేత్తూరు టౌన్ బస్సు వచ్చి నా ముందు ఆగింది. ఎందుకు ఎక్కానో చెప్పలేను. శరణ్య పనికి బయలుదేరుతోంది, చేతిలో టిఫిన్ డబ్బా. వీధి వాకిట్లోనే అంతా చెప్పేశాను. పైన రాసిన మాటలే, ఒక్కటీ మిగల్చకుండా.

ఆమె ఏడవలేదు. అయితే నేను అడగలే అంది. లేదమ్మా అన్నాను. నేను అడగలే అని మళ్ళీ అంది, ఈసారి నాతో కాదు. పోయేటప్పుడు ఆయన నవ్వినాడా అని అడిగింది. నవ్వినాడు అన్నాను. డబ్బా ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. మీరు ఎప్పుడు పోతా ఉండారు మామా అంది. ఎల్లుండి ఓడ అన్నాను. మీరు కాగితం రాసి ఇచ్చేసి ఓడ ఎక్కితే, మా మామగారు ఇది చదివి నమ్మకుంటే, ఎవుర్ని పోయి అడగాల అంది.

ఆమె బస్సు వచ్చింది. రండి, కూర్చోండి, నీళ్ళు తాగుతారా అని ఆమె అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. క్షమించానని కూడా అనలేదు. తలతిథికి వస్తుందో రాదో నాకు తెలియదు. ఇక నువ్వు పిలిచినా రాకపోవచ్చు. అది ఆమె ఇష్టం.

తిరిగి వచ్చి పాప్పమ్మాళ్‌కు చెప్పాను. ఆమె చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉండి, పోయి చెప్పండి, నేను వెనకనే వస్తా, నాచ్చియారమ్మ దగ్గర ఒకరు ఉండాల కదా అంది.

శనివారం ఓడ నేను లేకుండా పోతుంది. ఈ ఉత్తరం చొక్కలింగం తేవడం లేదు. నేనే తెస్తున్నాను. నోటితో మొదలుపెడితే మధ్యలో ఏదో పాత కథ చెప్పి తప్పించుకుంటానని నాకు తెలుసు, అందుకే రాసిందాన్నే నీ చేతికిచ్చి, చదివేదాకా నీ అరుగు మీద నీ ఎదురుగా కూర్చుంటాను. ఏమైనా అను, ఏమైనా చెయ్యి. లేచి పోను.

ఇంతటితో అయిపోయింది. తల ఎత్తు, రాజా.